గుండె జబ్బుతో గర్భం: గోదావరి డెల్టా కుటుంబాలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలోని ప్రసూతి వార్డుల్లో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఫోన్లు మాత్రం విరమించలేదు. అడిగే మనుషులు మారుతున్నారు, సందేహాలు అవే. అందుకని వాటిని అడిగినవారి మాటల్లోనే పెట్టి, గర్భం సాగే క్రమంలో జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకోవచ్చు. చికిత్స నిర్ణయం మీ డాక్టరుదే. ఆయన్ను ఏమి అడగాలో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది.

## పెళ్లికి ముందు, గర్భానికి ముందు

మా అమ్మాయికి చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయింది. పిల్లలను కనవచ్చా?

చాలామంది కనవచ్చు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత గుండెకు చిల్లు ఉందని ఆపరేషన్ చేయించుకున్న ఆడపిల్లలు ఇప్పుడు పెళ్లి వయసుకు వచ్చారు. అప్పట్లో బతుకుతుందా అని ఏడ్చిన తల్లులే ఇప్పుడు మనవల గురించి అడుగుతున్నారు. చిల్లు పూర్తిగా మూసుకుపోయి, ఊపిరితిత్తుల రక్తపోటు మామూలుగా ఉంటే గర్భం దాదాపు అందరిలాగే సాగుతుంది.

అయితే ఆపరేషన్ అయింది కదా అని ఎకో (గుండె స్కాన్) చేయించకుండా ఉండకూడదు. పుట్టుకతో ఒళ్లు నీలంగా మారే జబ్బుకు ఆపరేషన్ అయినవారిలో కొందరికి పెద్దయ్యాక వాల్వు లీకవుతుంది, గుండె లయ తప్పుతుంది. కొన్ని స్థితుల్లో మాత్రం గర్భం వద్దనే చెబుతారు: ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి బాగా పెరిగిపోయినప్పుడు, గుండె పంపింగ్ 30 శాతం కంటే తక్కువ ఉన్నప్పుడు, గుండె ఎడమ గదుల మధ్య తలుపులాంటి మైట్రల్ వాల్వు మరీ సన్నబడినప్పుడు, ఒంటి కణజాలం వదులుగా ఉండే మార్ఫాన్ అనే పుట్టు జబ్బులో బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని) 45 మిల్లీమీటర్లు దాటి ఉబ్బినప్పుడు. వీటిలో వాల్వు సన్నబడటం ముందే సరిచేయదగినది. సరిచేశాక గర్భానికి దారి ఉంటుంది.

సంబంధాలు చూస్తున్నాం. ఆపరేషన్ సంగతి చెబితే తప్పిపోతాయి. చెప్పాలా?

చెప్పాలి. ఎందుకో ఒక సంగతి చెబుతాను.

ఒక రాత్రి ఎనిమిదో నెల గర్భిణిని ఆటోలో తెచ్చారు. పడుకోలేకపోతోంది. సీటు కమ్మీ పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. పెదవులు కందిపోయి ఉన్నాయి. అత్తగారు, "మొదటి నుంచీ సుకుమారం అమ్మా, రెండు బిందెలు మోస్తే రొప్పుతుంది" అంది. వచ్చేసరికి ఉన్న ఏకైక కాగితం రక్తపరీక్షది. తెల్లవారాక పుట్టింటి నుంచి తల్లి వచ్చింది. పమిట చెంగు చాటున పాలిథిన్ కవరు, అందులో ఎకో రిపోర్టు, మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ సూదుల కార్డు. కీళ్లవాత జ్వరం మళ్లీ వచ్చి గుండె వాల్వు ఇంకా పాడవకుండా వేసే సూదులవి. కవరు మడతల్లో బియ్యపు గింజలు. పెళ్లయిన నాటి నుంచి దాన్ని బియ్యం డబ్బా అడుగున దాచిందట. కార్డులో చివరి సూది తేదీ పెళ్లికి పది రోజుల ముందుది. అత్తవారింట్లో ఎవరికి చెప్పి వేయించుకుంటుంది?

ఆ అమ్మాయి బతికింది. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి చాలా రోజులు వెచ్చటి పెట్టెలో ఉంది. ఆమె ప్రాణం మీదకు తెచ్చింది వాల్వు ఒక్కటే కాదు, ఆ బియ్యం డబ్బా కూడా. సంబంధం తప్పిపోతే మరొకటి వస్తుంది. రిపోర్టు చూసి కూడా చేసుకున్నవాళ్లు రేపు ఆయాసం వస్తే "సుకుమారం" అనరు.

గర్భానికి ముందు ఏ పరీక్షలు చేయించాలి?

ఈసీజీ, ఎకో తప్పనిసరి. ఎకోలో వాడేది శబ్ద తరంగాలు, రేడియేషన్ ఉండదు. రిపోర్టు చేతికి వచ్చాక డాక్టరును మూడు అంకెలు అడగండి: పంపింగ్ శాతం ఎంత, వాల్వు వైశాల్యం ఎంత, ఊపిరితిత్తుల ఒత్తిడి ఎంత. మైట్రల్ వాల్వు మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. 1.5 కంటే తగ్గితే గర్భానికి ముందే దాని సంగతి తేల్చుకోవడం మంచిది. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూపించుకోండి.

## నెల తప్పాక, మొదటి మూడు నెలలు

ఇన్నాళ్లూ పొలం పని కూడా చేసింది. గర్భం వచ్చాకే గుండె జబ్బు ఎలా వచ్చింది?

జబ్బు అప్పుడు రాలేదు, అప్పుడు బయటపడింది. చిన్నతనంలో గొంతునొప్పితో వచ్చే కీళ్లవాత జ్వరం కొందరిలో మైట్రల్ వాల్వును దెబ్బతీస్తుంది. అది ఏళ్ల తరబడి గట్టిపడుతూ, సన్నబడుతూ పోతుంది. మనిషికి తెలియదు.

కాలువ మీద తూము ఊహించుకోండి. తూము సగం పూడిపోయినా, కాలువలో నీళ్లు తక్కువగా ఉన్నన్నాళ్లు పారుతూనే ఉంటుంది. పైనుంచి ఒక్కసారి నీళ్లు వదిలితే తూముకు ఎగువన గట్లు మునుగుతాయి. గర్భంలో ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, గుండె నిమిషానికి పంపే రక్తం 30 నుంచి 50 శాతం ఎక్కువవుతుంది. సన్నబడిన వాల్వు దాన్ని వదలలేదు. వెనక్కి తన్నిన ఒత్తిడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అదే ఆయాసం. ఈ భారం 28 నుంచి 32 వారాల మధ్య బాగా పెరుగుతుంది కాబట్టి చాలామందికి జబ్బు పేరు మొదటిసారి వినిపించేది ఏడో నెల, ఎనిమిదో నెలల్లోనే.

గుండె మాత్రలు వాడుతున్నాను. గర్భం అని తెలియగానే మానేయాలా?

మీ అంతట మీరు ఏదీ మానవద్దు. ఆ రోజే డాక్టరుకు ఫోను చేయండి. కొన్నిటిని మారుస్తారు, కొన్నిటిని కొనసాగిస్తారు. ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టన్, లోసార్టన్ వంటివి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి కాబట్టి వాటిని తప్పిస్తారు. అటెనలాల్ బిడ్డ ఎదుగుదలను తగ్గిస్తుంది, దాని బదులు మెటోప్రొలాల్ ఇస్తారు. డిగాక్సిన్ వాడవచ్చు. నీరు తీసే ఫ్యూరోసెమైడ్‌ను అవసరమైనంత మేర జాగ్రత్తగా వాడతారు.

"కడుపుతో ఉన్నప్పుడు ఇంగ్లీషు మందులు వేడి" అని మందులన్నీ కాలువలో పారేసిన ఇంటిని నేను చూశాను. గుండె అదుపు తప్పితే మొదట ప్రాణవాయువు తగ్గేది కడుపులో బిడ్డకే.

నాకు లోహపు వాల్వు అమర్చారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నాను. బిడ్డకు ప్రమాదమా?

ఇది ఈ పేజీలోకెల్లా కష్టమైన ప్రశ్న. వార్ఫరిన్, అసినోకౌమరాల్ మాయను దాటి బిడ్డకు చేరతాయి. ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య ముక్కు, ఎముకల నిర్మాణం మీద ప్రభావం చూపవచ్చు. గర్భస్రావం అవకాశమూ పెరుగుతుంది. అలాగని మానేస్తే వాల్వు మీద రక్తం గడ్డకట్టి తల్లి ప్రాణం పోవచ్చు. హెపారిన్ సూదులు మాయను దాటవు, బిడ్డకు మంచివి. కాని మోతాదు సరిగా కుదరకపోతే వాల్వును కాపాడలేవు.

రోజుకు 5 మిల్లీగ్రాములు, అంతకంటే తక్కువ వార్ఫరిన్‌తో సరిపోయేవారిలో బిడ్డకు ముప్పు తక్కువ. అలాంటివారికి దాన్నే కొనసాగించే డాక్టర్లు ఉన్నారు. మోతాదు ఎక్కువగా ఉన్నవారికి మొదటి మూడు నెలల్లో ఆ కీలక వారాలకు హెపారిన్‌కు మార్చి, మళ్లీ మాత్రకు తెస్తారు. 36వ వారం నాటికి అందరినీ హెపారిన్ మీదకు మారుస్తారు, ఎందుకంటే మాత్ర మీద ఉండగా నొప్పులు వస్తే బిడ్డ తలలో రక్తస్రావం కావచ్చు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష తరచుగా చేయించుకోవాలి. నెల తప్పిన వారంలోనే గుండె డాక్టరు దగ్గర ఉండాలన్నది ఇక్కడ మాట వరసకు చెప్పేది కాదు. ఆరో వారం ఎప్పుడు దాటిందో తెలియకుండా దాటిపోతుంది.

మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ సూదిని గర్భంలో ఆపాలా?

ఆపకూడదు. బెంజథీన్ పెన్సిలిన్ గర్భంలోనూ, బిడ్డకు పాలిచ్చేటప్పుడూ వేసుకోవచ్చు. ఊరు మారితే కార్డు వెంట తీసుకెళ్లండి.

డాక్టరు గర్భం తీసేయించుకోమంటున్నారు. భయపెడుతున్నారా?

భయపెట్టడం కాకపోవచ్చు. ఊపిరితిత్తుల ఒత్తిడి తీవ్రంగా ఉన్నప్పుడో, పంపింగ్ బాగా పడిపోయినప్పుడో తల్లికి నిజంగా ప్రాణాపాయం ఉంటుంది. తీయించుకోవాలనుకుంటే మొదటి మూడు నెలల్లో అది సులభం, ఆలస్యమైన కొద్దీ గుండెకు భారం. మామూలుగా 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో చట్టం అనుమతిస్తుంది. తల్లి ప్రాణం కాపాడటానికి వెంటనే అవసరమైతే ఆ పరిమితి అడ్డు రాదు. మరొక గుండె డాక్టరుకు కూడా చూపించండి, కాని ఒక్క వారంలో చూపించండి. నిర్ణయం ఆ అమ్మాయిది. వరండాలో మగవాళ్లు మాట్లాడుకుని వచ్చి చెప్పేది కాదు.

## నాలుగో నెల నుంచి ఏడో నెల వరకు

కడుపుతో ఉన్న ఎవరికైనా ఆయాసం వస్తుంది కదా. గుండె వల్ల అని ఎలా తెలుస్తుంది?

గర్భంలో మెట్లు ఎక్కితే రొప్పు, సాయంత్రానికి పాదాలకు కాస్త వాపు అందరికీ మామూలే. కింది మార్పులు మాత్రం మామూలు కావు.

చదునుగా పడుకుంటే ఊపిరి ఆడక రెండు మూడు దిండ్లు కావలసి రావడం. రాత్రి నిద్రలో ఊపిరందక లేచి కిటికీ దగ్గర కూర్చోవడం. పొడి దగ్గు, లేదా దగ్గుతో గులాబీ రంగు నురగ. కూర్చుని ఉన్నా గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకోవడం, లేదా లయ తప్పడం. కళ్లు తిరిగి పడిపోవడం. ఛాతీనొప్పి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం.

ఇందులో నేను ఎక్కువగా నమ్మేది దిండ్ల లెక్క. ఆశా కార్యకర్తలకు కూడా ఇదే చెప్పేదాన్ని: "ఆయాసం ఉందా" అని అడగవద్దు, లేదంటారు. "ఎన్ని దిండ్లతో పడుకుంటున్నావు, పోయిన నెల ఎన్ని" అని అడగండి. నిన్నటి దాకా ఒక దిండుతో పడుకున్న మనిషి ఇవాళ గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోతోందంటే తెల్లవారేదాకా ఆగవద్దు, 108కి ఫోను చేయండి. తీసుకెళ్లేటప్పుడు పడుకోబెట్టవద్దు, కూర్చోబెట్టి తీసుకెళ్లండి.

నాట్లకు, రొయ్యల షెడ్డుకు పనికి వెళ్లవచ్చా?

జబ్బు తేలికగా ఉండి, మామూలు పనికి ఆయాసం రాకపోతే తేలికపాటి పని చేసుకోవచ్చు. గంటల తరబడి నిలబడి రొయ్యలు ఒలవడం, బురదలో వంగి నాట్లు వేయడం, కొబ్బరి పీచు మోపులు ఎత్తడం వద్దు. ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో మధ్యాహ్నం ఎండలో అసలే వద్దు. పగలు ఒక గంట, రాత్రి ఎడమ పక్కకు తిరిగి నిద్ర. వెల్లకిలా పడుకుంటే నిండు గర్భం పెద్ద రక్తనాళాన్ని నొక్కి గుండెకు వచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది.

ఉప్పు మానేయాలా? ఏమి తినాలి?

పూర్తిగా మానక్కరలేదు. ఉప్పు మన ఇళ్లలో కూరలో కంటే కంచం పక్కన ఎక్కువ ఉంటుంది: ఆవకాయ, అప్పడం, వడియం, ఊరమిరపకాయ, ఉప్పుచేప. ఆయాసం, వాపు ఉన్నవారు ముందు వీటిని తీసేయాలి. తాజా చేప, గుడ్డు, పప్పు, ఆకుకూరలు బాగా తినవచ్చు. నీళ్లు ఎంత తాగాలో డాక్టరు కొలత చెబితేనే తగ్గించండి, ఊరికే మానవద్దు.

రక్తం తక్కువగా ఉంది. ఎక్కించమని అడగాలా?

గుండె జబ్బుకు రక్తహీనత తోడైతే రెండెడ్ల బండికి ఒక ఎద్దు కుంటినట్టే. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే గర్భంలో రక్తహీనత అంటారు. తొందరగా పట్టుకుంటే ఐరన్ మాత్రలతో, అవసరమైతే నరానికి ఇచ్చే ఐరన్‌తో సరిచేయవచ్చు. రక్తం ఎక్కించడం చివరి మాట. గుండె బలహీనంగా ఉన్నవారికి రెండు సీసాలు గబగబా ఎక్కిస్తే ఆ ద్రవభారంతోనే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎక్కించవలసి వస్తే నెమ్మదిగా, కనిపెట్టి చూస్తూ ఎక్కించాలి. "బలానికి ఒక సెలైన్ పెట్టండి" అని ఊళ్లో వైద్యుణ్ణి అడగడం కూడా ఇలాంటి ప్రమాదమే.

కడుపుతో ఉండగా బెలూన్ చికిత్స చేస్తామంటున్నారు. బిడ్డకు ఏమవుతుంది?

మైట్రల్ వాల్వు బాగా సన్నబడి, మందులకు కూడా ఆయాసం తగ్గనప్పుడు ఇది చేస్తారు. తొడ దగ్గరి రక్తనాళం నుంచి సన్నటి గొట్టం పంపి, బెలూన్ ఉబ్బించి వాల్వును తెరుస్తారు. ఛాతీ కోయరు. సాధారణంగా 20 వారాల తరువాత, కడుపుకు సీసపు కవచం కప్పి, ఎక్స్‌రే వీలైనంత తక్కువ వాడి చేస్తారు. ముందురోజు దాకా కూర్చుని నిద్రపోయిన మనిషి ఆ రాత్రే పడుకుని నిద్రపోవడం చూశాను. గుండె కోసి చేసే పెద్ద ఆపరేషన్ మాత్రం గర్భంలో బిడ్డకు చాలా ప్రమాదం. వేరే దారి లేనప్పుడే దాని జోలికి వెళతారు.

## ఎనిమిదో నెల, కానుపు

మొదటి కానుపు పుట్టింట్లోనే చేయాలి. సీమంతం చేసి తీసుకెళ్లిపోదామా?

సీమంతం చేసుకోండి, గాజులు తొడగండి. కానుపు ఊరిని మాత్రం ఆచారం నిర్ణయించకూడదు. ఇన్నాళ్లూ చూసిన డాక్టరును వదిలి, ఏడో నెలలో ఫైలు లేకుండా కొత్త ఊరికి వెళ్లడం గుండె జబ్బు ఉన్న అమ్మాయికి చేయగలిగిన పెద్ద అపకారం.

కానుపు జరిగే చోట ఒకే ఆవరణలో ప్రసూతి డాక్టరు, గుండె డాక్టరు, మత్తు డాక్టరు, ఐసీయూ, రక్తనిధి, నెలలు నిండని బిడ్డలను చూసే వార్డు ఉండాలి. మీకు దగ్గరలో అలాంటిది కాకినాడలో ఉందో, రాజమహేంద్రవరంలోనో ఏలూరులోనో విజయవాడలోనో ఉందో ముందే విచారించండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు. ఆ రోజు ఎకో కాగితాలు చూపించి, కానుపు ఎక్కడో మాతాశిశు రక్షణ కార్డు మీద రాయించుకోండి. పుట్టింటివారు ఆ ఊళ్లోనే రెండు నెలలు గది తీసుకుని ఉంటే అదే పుట్టిల్లు.

మాది లంక గ్రామం. వరదల రోజుల్లో నెలలు నిండుతాయి. ఏమి చేయాలి?

జూలై నుంచి సెప్టెంబరు మధ్య కానుపు తేదీ పడితే వర్షాకాలం మొదలయ్యేలోపే ఆలోచన చేయండి. కనకాయలంక కాజ్‌వే మునిగితే పడవ తప్ప దారి ఉండదని ఆ ఊరివాళ్లకు నేను చెప్పనక్కరలేదు. మామూలు గర్భిణినే పడవలో దాటించడం కష్టం. ఊపిరందక కూర్చోవలసిన గర్భిణిని రాత్రిపూట వానలో దాటించడం చూసినవాళ్లకు తెలుసు.

నేను చెప్పే లెక్క ఇది: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13 లక్షలకు రెండోది. ఏడో నెల దాటిన గుండె జబ్బు గర్భిణి ఇంట్లో ఉంటే మొదటి హెచ్చరిక కూడా రాకముందే, భద్రాచలంలో నీరు పెరుగుతోందన్న వార్త వినగానే ఇవతలి గట్టుకు తీసుకురండి. మందులు పదిహేను రోజులకు సరిపడా, ఫైలు నీళ్లు తగలని కవరులో పెట్టుకోండి.

గుండె జబ్బు ఉంటే సిజేరియన్ తప్పదా? తప్పనప్పుడు మంచి ముహూర్తం పెట్టించుకోవచ్చా?

తప్పనిసరేమీ కాదు. చాలామందికి సహజ కానుపే మేలు: రక్తస్రావం తక్కువ, గుండె మీద ఒక్కసారిగా పడే భారం తక్కువ, చీము పట్టే అవకాశం తక్కువ. రక్తం పలచబరిచే మాత్ర మీద ఉండగానే నొప్పులు వచ్చినవారికి, బృహద్ధమని ఉబ్బినవారికి, గుండె వైఫల్యం అదుపులో లేనివారికి, మామూలు ప్రసూతి కారణాలున్నవారికి సిజేరియన్ చేస్తారు.

ముహూర్తానికి ఒక్క మాట. మత్తు డాక్టరు, గుండె డాక్టరు, రక్తం, బిడ్డల డాక్టరు అందుబాటులో ఉండే పగటి వేళే మంచి ముహూర్తం. తెల్లవారుజామున నాలుగు గంటల పదకొండు నిమిషాలకు కోయమని చీటీ రాసుకొచ్చిన తాతగారితో నేను వాదించాను. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడరు.

నొప్పుల సమయంలో ఏమి చేస్తారు?

వెల్లకిలా కాకుండా ఒక పక్కకు, తల ఎత్తుగా ఉంచుతారు. నొప్పి పెరిగితే గుండె వేగం పెరుగుతుంది కాబట్టి నొప్పి తగ్గించే మందును వెన్నులోకి సూదితో ఇవ్వవచ్చు. సెలైన్ కొలిచి ఇస్తారు. బిడ్డ కిందికి దిగాక ఎక్కువసేపు ముక్కనివ్వకుండా ఫోర్సెప్స్‌తోనో వాక్యూమ్‌తోనో సాయం చేస్తారు. బిడ్డ పుట్టాక రక్తస్రావం ఆగడానికి మామూలుగా ఇచ్చే మెథర్జిన్ సూదిని గుండె రోగులకు తప్పిస్తారు; ఆక్సిటోసిన్ నెమ్మదిగా ఎక్కిస్తారు. అందుకే జబ్బు సంగతి డ్యూటీ మారిన ప్రతి నర్సుకూ చెప్పండి. విసుక్కున్నా చెప్పండి.

ఖర్చు ఎవరు భరిస్తారు?

బెలూన్, వాల్వు చికిత్సలకు ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కార్డు పనికొస్తుందేమో ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను చేరకముందే అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కానుపు అయినవారిని ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనం ఉంది.

## కానుపు తరువాత

కానుపు సుఖంగా అయింది. ఇంకా ఐసీయూలో ఎందుకు ఉంచారు?

అసలు గండం ఇప్పుడే కాబట్టి. బిడ్డ, మాయ బయటకు రాగానే గర్భసంచి ముడుచుకుని అందులోని రక్తమంతా తిరిగి గుండెకు చేరుతుంది. ఇన్నాళ్లూ నొక్కుకుపోయిన పెద్ద రక్తనాళం విడుదలవుతుంది. కానుపు అయిన కొద్ది నిమిషాల్లోనే గుండె మీద భారం గర్భంలో ఎన్నడూ లేనంతగా పెరుగుతుంది. ఆ తరువాత ఒంట్లో చేరిన నీరు రక్తంలోకి వస్తుంది. మొదటి 24 గంటలు, ఆపైన 72 గంటల దాకా ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు.

బయట వరండాలో మిఠాయి పంచుతున్న సమయంలోనే లోపల అమ్మాయి దగ్గడం మొదలుపెడుతుంది. మిఠాయికి నేను అడ్డు చెప్పను. "రెండో రోజే ఇంటికి పంపించండి, పదకొండో రోజు పురిటి స్నానం" అని తొందరపెట్టవద్దు.

బాలింతకు నీళ్లు ఇవ్వకూడదంటారు, పథ్యం పెట్టాలంటారు. గుండె రోగికి కూడా అంతేనా?

నీళ్లు బొత్తిగా మానిపించడం ఏ బాలింతకూ మంచిది కాదు. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కానుపు తరువాత ఆరు వారాల వరకు ఎక్కువ. నీళ్లు లేకపోతే, మంచం దిగకపోతే అది ఇంకా పెరుగుతుంది. డాక్టరు చెప్పిన కొలతలో తాగాలి, రెండో రోజు నుంచే మెల్లగా నడవాలి. పథ్యంలో వేయించిన ఉప్పుచేప, ఉప్పు కారం పొడులు తగ్గించండి. వెల్లుల్లికి అడ్డు లేదు. పొగ వేసి తలుపులు మూసిన గదిలో గుండె రోగిని పెట్టవద్దు.

అసలు ఏ జబ్బూ లేని కోడలికి కానుపు అయిన నెలకు ఆయాసం మొదలైంది. బాలింత నీరసమేనా?

కాకపోవచ్చు. గర్భం చివరి నెల నుంచి కానుపు అయిన ఐదు నెలల లోపు, అంతకుముందు బాగున్న గుండె కండరం బలహీనపడే జబ్బు ఒకటి ఉంది. పంపింగ్ 45 శాతం కంటే కిందికి పడిపోతుంది. బీపీ పెరిగినవారిలో, కవలలు పుట్టినవారిలో, వయసు ఎక్కువ ఉన్నవారిలో ఎక్కువగా చూస్తాం. ఎకోతో తేలిపోతుంది. త్వరగా మందులు మొదలుపెడితే చాలామందికి గుండె కొన్ని నెలల్లో తిరిగి బలపడుతుంది. "చలిగాలి తగిలింది" అని కషాయాలతో గడిపిన వారాలే వీళ్లకు నష్టం చేస్తాయి. ఈ జబ్బు వచ్చి పంపింగ్ పూర్తిగా కోలుకోనివారు మరో గర్భం గురించి ఆలోచించకూడదు.

గుండె మందులు వాడుతూ బిడ్డకు పాలివ్వవచ్చా?

ఎక్కువమంది ఇవ్వవచ్చు. వార్ఫరిన్, హెపారిన్, మెటోప్రొలాల్, డిగాక్సిన్ మీద ఉన్నా పాలివ్వవచ్చు. గర్భంలో నిషేధించిన ఎనలాప్రిల్‌ను కూడా పాలిచ్చేటప్పుడు వాడుకోవచ్చు. తల్లి బాగా అలసిపోతే రాత్రి పాలు పిండి ఉంచి వేరేవాళ్లు పట్టండి.

ఇక పిల్లలు వద్దు. ఏ పద్ధతి మంచిది?

ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతాయి. వాల్వు జబ్బు, పంపింగ్ తగ్గినవారు వాడకూడదు. కాపర్ టీ చాలామందికి సరిపోతుంది. శాశ్వత పద్ధతి కావాలంటే గుండె రోగికి కడుపు ఆపరేషన్ చేయించడం కంటే భర్తకు వేసెక్టమీ చేయించడం మేలు. పదిహేను నిమిషాల పని, పెద్ద మత్తు అక్కరలేదు. ఈ సలహా ఇచ్చినప్పుడల్లా గదిలో మగవాళ్లకు హఠాత్తుగా ఫోన్లు వస్తాయి.

## బిడ్డ గురించి

తల్లి గుండె జబ్బు బిడ్డకు వస్తుందా? మాది మేనరికం.

కీళ్లవాత జ్వరంతో వచ్చిన వాల్వు జబ్బు తల్లి నుంచి పుట్టుకతో బిడ్డకు రాదు. తల్లికి పుట్టుకతో గుండె లోపం ఉంటే మాత్రం బిడ్డకు అవకాశం సుమారు 3 నుంచి 5 శాతం. మామూలుగా వందమందిలో ఒకరికి ఉండేదానికంటే ఎక్కువే, కాని వందలో తొంభై ఐదుగురు బాగానే పుడతారు. మార్ఫాన్ వంటి కొన్ని జబ్బులు సగం మంది బిడ్డలకు రావచ్చు. దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లలో పుట్టుకతో వచ్చే గుండె లోపాలు కాస్త ఎక్కువ. 18 నుంచి 22 వారాల మధ్య బిడ్డ గుండెకు ప్రత్యేక స్కాన్ చేయించండి.

బిడ్డ బరువు పెరగడం లేదంటున్నారు. తిండి చాలక అవుతోందా?

ఒక్కొక్కసారి తిండి కాదు, రక్తప్రసారం. తల్లి గుండె తగినంత పంపకపోతే మాయకు వెళ్లే రక్తం తగ్గి బిడ్డ ఎదుగుదల మందగిస్తుంది. నెలలు నిండకముందే కానుపు కావడం కూడా ఎక్కువ. తల్లి పెదవులు నీలంగా మారే జబ్బుల్లో గర్భం నిలవడమే కష్టం. బిడ్డ కదలికలు తగ్గితే ఆ రోజే చూపించండి. ముందస్తు కానుపు తప్పదనుకుంటే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి తల్లికి స్టెరాయిడ్ సూదులు ఇస్తారు.

మాకు పుట్టిన పాపకు ఇప్పుడు ఆరేళ్లు. తల్లిలాగా దానికీ వాల్వు పాడవకుండా ఏమి చేయాలి?

గొంతునొప్పిని చిన్నచూపు చూడవద్దు. ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు జ్వరంతో, మింగలేనంత గొంతునొప్పి వస్తే డాక్టరుకు చూపించండి. అది స్ట్రెప్టోకాకస్ క్రిమి వల్ల అని తేలితే పెన్సిలిన్ పది రోజులు పూర్తిగా వేయాలి, మూడో రోజు జ్వరం తగ్గిందని ఆపకూడదు. తరువాత రెండు మూడు వారాలకు మోకాళ్లు, చీలమండలు ఒకదాని తరువాత ఒకటి వాచి నొప్పి పెడితే అది ఎదిగే నొప్పులని తైలం రాసి ఊరుకోకండి. ఎకో చేయించండి. సూదుల కార్డు ఇస్తే అందరికీ కనబడేలా గోడ క్యాలెండరు పక్కన మేకుకు తగిలించండి.